ఏ ఏడాది పికప్ కొనాలి? మా మూడిళ్ల బండి కథ

  

ఈసారి పురుగుల రోగాల గురించి కాదు, బండి గురించి రాస్తున్నాం. కొన్నాళ్లుగా మన గ్రూపుకు వస్తున్న వాయిస్ మెసేజ్‌లలో మాటిమాటికీ అదే ప్రశ్న. "అన్నా, సెకండ్ హ్యాండ్ పికప్ తీసుకుందామని ఉంది. 2016ది చూశాను, 2018ది చూశాను, 2021ది కూడా ఒకటుంది. ఏది తీసుకోమంటారు?" చింతామణి నుంచి అడిగారు, హోసూరు, డెంకణికోట నుంచి అడిగారు. ఒక అక్కయ్య అయితే బ్రోకరు ఎదురుగా నిలబడే ఫోన్ చేసింది.

మా జవాబు ముందే చెప్పేస్తాం, చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ల కోసం. మీ తోట, షెడ్డు రెండూ రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉండి, నెలకోసారి మాత్రమే మార్కెట్‌కు వెళ్లేవాళ్లయితే, 2018 లేదా 2019లో తయారైన బీఎస్-4 డీజిల్ పికప్ చూడండి. వారానికి మూడు నాలుగు సార్లు హైవే ఎక్కే పని ఉంటే బీఎస్-6 ధైర్యంగా తీసుకోవచ్చు. ఏ ఏడాదిదైనా సరే, అంతకుముందు ఆ తొట్టిలో ఏం మోశారో తెలియకుండా మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. ఈ ఆఖరి మాట మేం డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది.

మావి మూడిళ్లు, అన్నదమ్ముల పిల్లలం. ముగ్గురికీ కలిపి ఒకే బండి చాలని లెక్క వేసుకున్నాం. బ్రోకరు చూపించిన బండి తెల్లగా మెరుస్తోంది, కొత్త సీటు కవర్లు, అద్దానికి నిమ్మకాయ దండ. "2017 మోడల్ అప్పా, ఒకే ఓనరు" అన్నాడు. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ చూశాం, 2017 మార్చి. సరేనని కొన్నాం. అదే కార్డులో తయారైన నెల, ఏడాది విడిగా రాసి ఉంటుందని అప్పుడు మాకు తట్టలేదు. బండి తయారైంది 2016 సెప్టెంబరులో. పైగా బీఎస్-3.

2017 మార్చి అనేది మామూలు నెల కాదు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 బళ్లే అమ్మాలి. అమ్ముడుపోని బీఎస్-3 బళ్లను ఆ తర్వాత కూడా అమ్ముకుంటామని కంపెనీలు అడిగితే, మార్చి 29న సుప్రీంకోర్టు కుదరదు పొమ్మంది. ఇక మిగిలింది రెండే రెండు రోజులు. డీలర్లు గోడౌన్లలో ఉన్నవన్నీ తగ్గింపు ధరకు వదిలించుకున్నారు. ఆ హడావుడిలో రిజిస్టరైన బళ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారులో "2017 మోడల్" పేరుతో తిరుగుతున్నాయి. బీఎస్-3 బండి చెడ్డదని మేం అనడం లేదు. వాటిలో చాలావాటికి మెకానికల్ పంపు ఉంటుంది, పల్లెలో ఏ మేస్త్రీ అయినా విప్పి బాగుచేస్తాడు. కానీ 2016 బండికి 2017 ధర పెట్టడం వేరే సంగతి. మేం పెట్టాం.

2020 మార్చిలో కూడా ఇదే కథ. ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. బీఎస్-4 బళ్లను మార్చి 31 తర్వాత అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. సరిగ్గా ఆ వారంలోనే లాక్‌డౌన్ వచ్చిపడింది. అమ్ముడుపోని బళ్లు, రిజిస్టర్ కాని బళ్లు, మళ్లీ కోర్టు చుట్టూ తిరగడాలు. అందుకని 2020 బండి చూస్తున్నవాళ్లు ఆర్సీని ఒకటికి రెండుసార్లు చదవండి. బీఎస్-4 అయితే రిజిస్ట్రేషన్ ఎప్పుడు జరిగింది, ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే వివరాలు సరిగా వస్తున్నాయా అని చూసుకోండి. 2017, 2020 ఈ రెండు ఏళ్లలోనూ మార్చి నెల రిజిస్ట్రేషన్ కనబడితే చాలు, మేం ఇప్పుడు నేరుగా ఛాసిస్ నంబరు దగ్గరికి వెళతాం.

ఛాసిస్ నంబరులో పదిహేడు అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఎడమ నుంచి లెక్కపెడితే పదోది ఏడాదిని చెబుతుంది. జి అంటే 2016, హెచ్ అంటే 2017. ఐ అక్షరం వాడరు, కాబట్టి జె 2018, కె 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022. ఓ వాడరు, పి 2023. క్యూ వాడరు, ఆర్ 2024. కార్డు మీదిది చదవడమే కాదు, ఛాసిస్ పట్టీ మీద చెక్కింది కూడా గుడ్డతో తుడిచి, టార్చి వేసి సరిపోల్చండి. టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం. 2021 బండికి నాలుగూ 2021 టైర్లే ఉండి, మీటరు మాత్రం లక్షా అరవై వేలు చూపిస్తే అనుమానించాలి. అన్ని కిలోమీటర్లు తిరిగిన టైర్లు ఇంకా ఉండవు. నలభై వేలు చూపిస్తూ టైర్లు రెండోసారి మార్చి ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

ఇప్పుడు బీఎస్-4, బీఎస్-6 తేడా మన పనికి ఎందుకు పట్టించుకోవాలో చెబుతాం.

మన బండి తిరిగే తీరు వేరేవాళ్ల బండిలాంటిది కాదు. పొద్దున్నే తోటకు వెళుతుంది, కొమ్మలు వేసుకుని రెండో గేరులో గట్టు దారిన షెడ్డుకు వస్తుంది. సాయంత్రం మళ్లీ అదే. మొత్తం కలిపి రోజుకు ఆరేడు కిలోమీటర్లు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాం. ఇలా ఇరవై రోజులు తిరిగి, ఒకరోజు రాత్రి గూళ్లు వేసుకుని రామనగర పోతుంది.

బీఎస్-6 డీజిల్ బళ్లలో చాలావాటికి పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. జల్లెడ నిండినప్పుడు దాన్ని బాగా వేడి చేసి మసిని కాల్చేసుకోవడం బండి పనే. కానీ ఆ పని జరగాలంటే బండి ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా, మంచి వేగంతో నడవాలి. మన గట్టు దారిలో అది ఎక్కడ కుదురుతుంది? మసి కాలదు, దీపం వెలుగుతుంది, మనం "సెన్సారేదో చెడినట్టుంది" అని వదిలేస్తాం. కొన్నాళ్లకు బండి గుంజుకోదు. అప్పుడు షోరూముకు పట్టుకెళ్లాలి, ఖర్చు ఇంత అని మేం చెప్పం గానీ, గుండె గుభేలుమనే బిల్లు వస్తుంది. హోసూరు దగ్గర మా చుట్టం ఒకాయన 2021 బండికి ఇదే జరిగింది. ఎవరో మేస్త్రీ ఆ జల్లెడ తీసేస్తానన్నాడట. ఆ పని చేయించుకోకండి. చట్టం ఒప్పుకోదు, ఎఫ్‌సికి వెళ్లినప్పుడు పట్టుబడతారు. దానికి బదులు ఆయన ఇప్పుడు ప్రతి ఆదివారం కృష్ణగిరి హైవే మీద అరగంట తిప్పి వస్తున్నాడు. పెళ్లాంపిల్లల్ని కూడా ఎక్కించుకుంటున్నాడు, వాళ్లకూ సరదా, బండికీ వైద్యం.

2017 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా వచ్చిన బీఎస్-4 పికప్‌లలో ఎక్కువగా కామన్ రైల్ ఇంజిన్ ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లు ఉంటాయి గానీ మన వాడకంలో ఈ జల్లెడ తలనొప్పి మాత్రం ఉండదు. (అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో వచ్చినప్పటి నుంచే కామన్ రైల్, అందుకని దాన్ని ఈ లెక్కలో విడిగా చూడండి.) 2017 బండ్లు కొత్త ఇంజిన్ మొదటి విడతవి. 2018, 2019 నాటికి మేస్త్రీలకూ ఆ ఇంజిన్ చెయ్యి తిరిగింది, సామాన్లు చింతామణిలో, కోలారులో దొరుకుతున్నాయి. అందుకే మా ఓటు ఆ రెండేళ్లకు.

"ఇప్పుడు బంకుల్లో వచ్చేది బీఎస్-6 డీజిలే కదా, పాత బండికి పోస్తే పంపు పాడవుతుందట" అని ఒకరు అడిగారు. పాడవదు. అందులో గంధకం తక్కువ, అంతే. 2020 నుంచి పాత బళ్లన్నీ ఆ డీజిల్‌తోనే నడుస్తున్నాయి.

వయసు లెక్క కూడా ఒకటుంది. గూడ్స్ బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి ఎఫ్‌సి, ఆ తర్వాత ఏటా. అంటే 2018 బండికి ఇక ఏటా ఒకరోజు పని చెడుతుందనుకోండి. పదిహేనేళ్లు దాటిన గూడ్స్ బళ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఎఫ్‌సి ఫీజు బాగా పెంచారు. కాబట్టి 2010, 2011 బళ్లు ఎంత చౌకగా వచ్చినా మేం దండం పెట్టేస్తాం. డీజిల్ బండికి పదేళ్లే ఆయుష్షని భయపెట్టి మీ దగ్గరున్న పాత బండిని తక్కువకు కొనాలని చూసే బ్రోకర్లు ఉన్నారు. అది ఢిల్లీ చుట్టుపక్కల నియమం. మన కోలారుకు, కృష్ణగిరికి దాన్ని అంటించకండి.

సరిహద్దు దాటి కొనే విషయం ఒక్క ముక్కలో. మనకు చుట్టాలు మూడు రాష్ట్రాల్లో ఉంటారు, పలమనేరులో చౌకగా దొరికిందని తెచ్చుకుంటాం. పక్క రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి, దానికి ఎన్ఓసి కావాలి, ట్యాక్సు కట్టాలి. ఆ ఖర్చంతా కలిపి చూస్తే చౌక అన్నది చాలాసార్లు మిగలదు. బ్యాంకు అప్పు తీరిందా, ఆర్సీలో హైపోతికేషన్ కొట్టేశారా అన్నది ఎలాగూ చూస్తారు.

ఎంత పెద్ద బండి కావాలి? ఇక్కడ మనవాళ్లు ఆశపడి పొరపాటు చేస్తారని మా అభిప్రాయం. మేమూ చేశాం. 1.7 టన్నుల పికప్ పక్కన నిలబడితే గర్వంగానే ఉంటుంది. కానీ లెక్క వేయండి. 200 గుడ్ల బైవోల్టిన్ పంట బాగా వస్తే 140, 150 కిలోల గూళ్లు. మూడిళ్లవి కలిపినా అర టన్ను లోపు. ఆకు లెక్క చూస్తే, 100 గుడ్లకు సుమారు టన్ను ఆకు, అందులో నూటికి ఎనభై పాళ్లు నాలుగో జ్వరం లేచిన తర్వాతే తింటాయి. అంటే 200 గుడ్లకు ఆ ఆరేడు రోజుల్లో రోజుకు రెండువందల యాభై కిలోల ఆకు, కొమ్మల బరువు కలుపుకుంటే నాలుగైదు వందలు. అదీ రెండు విడతల్లో. ఏడాదికి రెండుసార్లు పశువుల ఎరువు తోలడానికి తప్ప టన్నున్నర బండి మనకు నిండదు.

నిండకపోతే నష్టమేంటంటారా? బరువుకు చేసిన కమాన్ కట్టలు ఖాళీ బండిని ఎగరేస్తాయి. లోపల ఉన్నది సిమెంటు కాదు, గూళ్లు. ప్యూపా ఇంకా గట్టిపడకముందే కోసి, గట్టి కట్టల బండిలో గుంతల దారిన రాత్రంతా ఎగరేస్తే, లోపల ప్యూపాలు చితికి గూడు మరకపడుతుంది. పొద్దున రీలరు ఒక గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు, రెండు కోసి చూస్తాడు, పెదవి విరుస్తాడు. ఆ ఒక్క విరుపుకు కిలోకు ఎంత పోతుందో మీకు మేం చెప్పాలా? కట్టలు మెత్తబడిన 1.25 టన్నుల బండి, లేదా అదనపు పట్టీ తీయించిన బండి గూళ్లకు మేలు. టైర్లలో గాలి కూడా ఖాళీ బండికి తగినట్టు పెట్టించండి. గూళ్ల సంచులు ఒకదాని మీద ఒకటి కుక్కకుండా పల్చగా పరవడానికి తొట్టి వెడల్పు కావాలి, బరువు మోసే శక్తి కాదు. లోపల ప్యూపాలు ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, కుక్కితే వేడెక్కి తడి పట్టి దారం సరిగా తెగకుండా రాదు.

ఒకే ఇల్లు, వంద గుడ్లు అయితే టాటా ఏస్ లాంటి చిన్న బండి చాలు. 2005లో వచ్చిన పాత ఏస్ రెండు సిలిండర్ల డీజిల్, ముప్పావు టన్ను మోస్తుంది, గట్టు ఎక్కేటప్పుడు ఓపిక కావాలి అంతే. 2020 తర్వాత చిన్న బళ్లలో పెట్రోలువి కూడా వచ్చాయి. మారుతి సూపర్ క్యారీ అయితే అప్పటినుంచి పెట్రోలు, సీఎన్‌జీ మాత్రమే. డీజిల్ జల్లెడ గొడవ లేదు కాబట్టి దగ్గర దారులవాళ్లకు ఇవి బాగుంటాయి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తగినట్టు తయారైనవి 2023 ఏప్రిల్ నుంచి వచ్చాయి, పెట్రోలు బండి కొనేవాళ్లు ఆ తర్వాతివి దొరికితే చూడండి.

ఇక మా నష్టం సంగతి.

ఆ తెల్ల బండి కొన్న మొదటి పంటకే, నడిమింటి షెడ్డులో నాలుగో జ్వరం లేచిన మూడో రోజు పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి పచ్చటి నీళ్లు కక్కాయి. ఒళ్లు కుంచించుకుపోయింది. తెల్లారేసరికి పడకల మీద చెయ్యి పెట్టలేకపోయాం. 150 గుడ్ల పంట. రోగం కాదు, మందు తగిలిందని చూడగానే అర్థమైంది. పక్క పొలాల్లో ఎవరు కొట్టారని ఊరంతా అడిగాం. గొడవ కూడా పడ్డాం, ఆ ఇంటివాళ్లకు తర్వాత వెళ్లి క్షమించమని చెప్పుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే అదే తోట ఆకు తలమీద మోసుకెళ్లి వేసిన కొసింటి పురుగులకు ఏమీ కాలేదు. బండిలో తెచ్చిన ఆకు తిన్నవే పోయాయి.

తొట్టి అడుగున పరిచిన చెక్కలు ఊడదీశాం. కింద రేకు మీద తెల్లటి మరకలు, ముక్కు పగిలే వాసన. ఆరా తీస్తే పాత ఓనరు టమాటా సీజనులో పురుగుమందుల డబ్బాలు తోలేవాడట. ఏదో డబ్బా కారి చెక్కలు తాగేశాయి. మేం ఆకు మీద తడి గోనెపట్టలు కప్పుతాం కదా, ఆ తడికి చెక్కల్లోది పైకి ఊరింది. ఏ మందో మాకు తెలియదు, తెలుసుకునీ ప్రయోజనం లేదు. ఈనాటి పురుగుమందులు మన పురుగులకు చుక్కలో చుక్క చాలు. పొగాకు తోలిన బండి అయినా అంతే.

చెక్కలు తగలబెట్టలేదు, ఆ పొగ కూడా తోటకు తగులుతుందని దూరంగా గుంత తీసి పూడ్చాం. రేకును చాకలిసోడా నీళ్లతో, సబ్బుతో నాలుగుసార్లు కడిగి, ఎండబెట్టి, మందమైన కొత్త టార్పాలిన్ పరిచాం. ఆ టార్పాలిన్ ఆకుకు, గూళ్లకు తప్ప దేనికీ వాడం. ఎరువు తోలినప్పుడు మడిచి ఇంట్లో పెడతాం. ఇంకో మాట, షెడ్డుకు కొట్టే రెండు శాతం బ్లీచింగ్, సున్నం నీళ్లు తొట్టిలోనూ చల్లేవాళ్లున్నారు. చల్లండి, కానీ అరగంట తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. లేకపోతే రెండేళ్లలో రేకు జల్లెడ అవుతుంది. పట్టు రైతు దగ్గర బండి కొనేవాళ్లు చూడాల్సిన మొదటి చోటు కూడా అదే, రబ్బరు మ్యాటు ఎత్తి అడుగు రేకు.

ఆ బండిని పోయిన సంవత్సరం ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేశాం, రాళ్లు తోలుకునే ఆయన తీసుకున్నాడు. కొత్తది వెతకడానికి మూడు నెలలు పట్టింది. చివరికి హోసూరు దగ్గర 2019 ఫిబ్రవరిలో తయారైన 1.25 టన్నుల బండి కుదిరింది. ఛాసిస్ నంబరులో పదో అక్షరం కె. ఆర్సీలో బీఎస్-4. పాత ఓనరు పూల వ్యాపారి. పూలంటే ఇంకా భయం వేసింది, ఎందుకంటే గులాబీకి, చామంతికి కొట్టే మందులు తక్కువేం కాదు.

అందుకని బేరం కుదిరాక అడ్వాన్సు ఇవ్వకుండా ఒక పని అడిగాం. మా తోట కొమ్మలు ఒక మోపు తడి గోనెపట్టలో చుట్టి తీసుకెళ్లాం. దాన్ని తొట్టిలో నేరుగా రేకు మీద పెట్టి బండిని ఇరవై కిలోమీటర్లు నడిపాం. బ్రేకు, క్లచ్, గేరు చూసినట్టూ అయింది. ఆ ఆకును ఇంటికి తెచ్చి, ఒక తట్టలో విడిగా పెట్టిన నలభై పురుగులకు వేశాం. పక్క తట్టలో ఇంకో నలభై పురుగులకు తోట నుంచి నేరుగా తెచ్చిన ఆకు. పూల వ్యాపారి ఫోనులో నవ్వాడు, "బండి కొనడానికి పురుగుల్ని అడగాలా అన్నా?" అని.

ఒక రోజు చూశాం, రెండో రోజు కూడా చూశాం. రెండు తట్టల్లోనూ ఒక్కటి కూడా తల ఎత్తలేదు, ఈనెలు మిగలకుండా తిన్నాయి. మూడో రోజు పొద్దున వెళ్లి అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.